మావయ్య చూసిన సినిమా, నాన్న చూసిన సినిమా

ఆ సినిమా బాగుంటుందా, బాగోదా అన్న ముక్క మీద మా ఇంట్లో ఒక మనిషికి చెవి పోయింది. అందుకని ఎవరైనా నన్ను ఆ సినిమా ఎలా ఉంటుందని అడిగితే, ముందు మీరు ఏ ఊళ్ళో చూశారండీ అని అడుగుతాను. అదేం ప్రశ్న అని నవ్వుతారు. నవ్వనీ. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్ళు ఊరికే అన్లేదు.

పేరు చెప్పను, చెప్పబుద్ధి కాదు. పాత సినిమా, మూడుంపావు గంటలు. ఆ కాలంలో పేరున్న ప్రతి నటుడూ, ప్రతి నటీ అందులో ఉన్నారు. కథంటూ ఏమంత లేదు. ఓ పెద్దింట్లో పెళ్ళి. ఆ ఇంట్లోనే తిని ఆ ఇంట్లోనే పడుండే అల్లుడు ఒకడు, వాడి బావమరిది ఒకడు. పెళ్ళికి చుట్టాల వేషాల్లో స్టార్లందరూ ఒక్కొక్కరే దిగుతారు. దిగినవాళ్ళు ఎవరో ఒకర్ని కొడతారు, లేదా ఎవరిచేతనో తింటారు. అందరికన్నా ఎక్కువ తినేది అల్లుడే. బావమరిది వాణ్ణి చెంప వాయిస్తాడు, ఇడ్లీపిండి గుండిగలోకి తోస్తాడు, గుమ్మడికాయ నెత్తిన పగలగొడతాడు. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

రెండువేలు దాటిన కొత్తల్లో ఎవరో దానికి కొత్త ప్రింటు తీయించి మళ్ళీ వదిలారు. మా వైపుకి ఒక్కటే ప్రింటు. ముందు తెనాలిలో ఆడింది, తర్వాత బాపట్ల, ఆ తర్వాత రేపల్లె.

మేం అప్పుడు తెనాలిలో మావయ్య ఇంటి మేడమీద ఉండేవాళ్ళం. మా సొంతూరు రేపల్లె అవతల నగరం అనే ఊరి దగ్గర పల్లె. నాన్న పొలం తవ్వించి రొయ్యల చెరువులు వేశాడు. మొదటేడు బాగానే ఉంది. తర్వాత రోగం తగిలి చెరువు చెరువంతా రొయ్యలు తెల్లారేసరికి చచ్చి పైకి తేలాయి. ఇంక ఊళ్ళో తలెత్తుకోలేక, అమ్మ ఏడుపు చూడలేక, తెనాలి వచ్చి మావయ్య మోటార్ల వైండింగ్ షాపులో చేరాడు. మావయ్య అమ్మకి ఒక్కడే తమ్ముడు. నాన్నకన్నా పదేళ్ళు చిన్న. షాపు వాడిది, ఇల్లు వాడిది, అన్నం వాడిది. నేను బాపట్లలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని, ఆ ఫీజు కూడా వాడిదే.

బావా బావమరుదుల సరసం మీకు తెలియంది కాదు. బావని బావమరిది ఎంత మాటైనా అనొచ్చు, తలమీద మొట్టొచ్చు, కుర్చీ లాగేయొచ్చు, పట్టించుకుంటే బావదే తప్పు. మా ఊళ్ళో ఉన్నప్పుడు మావయ్య పండక్కొచ్చి నాన్న పంచె లాగి పరిగెత్తితే, నాన్న చెర్నాకోల పట్టుకుని ఊరంతా తరిమేవాడు. ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ వచ్చి ఒకే కంచంలో తినేవాళ్ళు. తెనాలి వచ్చాక కూడా సరసం సాగింది. కానీ ఇప్పుడు మొట్టేది యజమాని, మొట్టించుకునేది పనివాడు. తరమడం నాన్న మానేశాడు. నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

సెలవలకొస్తే మధ్యాహ్నం క్యారియరు షాపుకి తీసుకెళ్ళడం నా పని. అందుకే రెండు దెబ్బలూ నా కళ్ళముందే పడ్డాయి.

మొదటిది మావయ్య కొట్టాడు. నాన్న చుట్టిన మోటారు పొలంలో పెట్టిన పూటే కాలిపోయింది. ఆ రైతు మోటారుని బండిమీద వేసుకొచ్చి షాపు ముందు దించి, "నారుమడి ఎండిపోతోంది, ఎవడయ్యా దీన్ని చుట్టిన ఏబ్రాసి" అని వీధి వినేలా అరిచాడు. మావయ్య మొహం కందగడ్డయింది. వెనక్కి తిరిగి ఒక్కటిచ్చాడు నాన్నని, చెంపమీద. నాన్న చేతిలో ఉన్న రాగితీగ చుట్ట దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది.

అది సరసం కాదు. అది నిజం దెబ్బ. కానీ రైతు పకపకా నవ్వాడు. "బావా బావమరుదుల గొడవలో నన్ను దూర్చకండి" అన్నాడు. పనివాళ్ళిద్దరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారని నాన్న కూడా నవ్వాడు. చెంపమీద వేళ్ళు అచ్చు పడి ఉన్నాయి, నవ్వుతున్నాడు. నేను క్యారియరు నేలకేసి కొట్టాను.

"ఏంటే ఆ పొగరు?" అన్నాడు మావయ్య. గొంతులో బలం లేదు. ఆ మధ్యాహ్నం వాడు అన్నం తినలేదు.

అమ్మకి ఇద్దరూ చెప్పలేదు. నన్ను చెప్పొద్దన్నాడు నాన్న. ఆ రోజునుంచీ మావయ్య నాన్న మొహంలోకి చూసి మాట్లాడ్డం మానేశాడు. మా అమ్మ తరపువాళ్ళకో జబ్బుంది. తప్పయిందనే మాట వాళ్ళ నోట్లోంచి రాదు, ప్రాణం పోయినా రాదు. బదులు ఏదో ఒకటి తెచ్చి పెడతారు. మా తాత అమ్మమ్మని తిట్టిన రోజు జిలేబీ తెచ్చేవాడట. మావయ్య ఆ వారం నాన్నకి చొక్కా గుడ్డ తెచ్చాడు, మాంసం తెచ్చాడు, వాచీ తెచ్చాడు. నాన్న అన్నీ తీసుకున్నాడు, ఒక్కటీ వాడలేదు. చొక్కా గుడ్డ బీరువాలో అలాగే ఉండిపోయింది.

అప్పుడు దిగింది తెనాలిలో ఈ సినిమా. మావయ్య ఒక్కడే మాట్నీకి వెళ్ళొచ్చాడు. వచ్చేటప్పటికి కరెంటు పోయింది. అందరం కింద మెట్లమీద కూర్చున్నాం. సందె వెలుగులో వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కామెడీ సినిమాకెళ్ళి ఈ ఏడుపేంట్రా అంది అమ్మ.

"సినిమా అంటే అదక్కా. ఇప్పటివాళ్ళు తీయమను చూద్దాం" అన్నాడు.

అమ్మా అత్తా ముందురోజే చూసొచ్చారు. అమ్మ పెదవి విరిచింది. "ఏం సినిమారా బాబూ. తెరనిండా హీరోలే. ఎవర్ని చూడాలో తెలీక మెడ నొప్పెట్టింది. ఇంతింత మహానుభావుల్ని పిలిచి తలో చెంపదెబ్బా కొట్టించి పంపేశారు." అత్తకి మాత్రం నచ్చింది. ఇడ్లీపిండి గుండిగ సీను తల్చుకుని మళ్ళీ నవ్వింది. చివరెలా ఉందని నేనడిగితే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. మున్సిపాలిటీ కుళాయి వచ్చే వేళైందని చివరికి ముందే లేచొచ్చేశారట.

పక్కింటి టీచరమ్మగారు లూథరన్ బళ్ళో పాఠాలు చెప్పేవారు. ఆవిడ గోడవతల్నుంచి అన్నారు: "నేను ఇంటర్వెల్‌కే వచ్చేశానండి. నవ్వు రాలేదు. కొట్టినవాడి మొహం చూపిస్తాడు, చూసి నవ్వేవాళ్ళ మొహాలు చూపిస్తాడు. తిన్నవాడి మొహం ఒక్కసారైనా చూపించాడా చెప్పండి?"

"సగం చూసి మాట్లాడకండి టీచరమ్మగారూ" అని లేచాడు మావయ్య. అసలే కోపిష్టి. "చివర చూడండి. చివర చూసి అప్పుడు చెప్పండి."

"చివర్లో ఏముందిరా అంతగా?" అంది అమ్మ.

"చెప్తే ఏముంటుంది. చూడాలి." చీకట్లో నాన్న వైపు తిరిగాడు. "బావా, నువ్వు చూడాలి. రేపు వెళ్ళు. షాపు నేను చూసుకుంటాను."

నాన్న లేచి మేడమీదికి వెళ్ళిపోయాడు. అది ఇంట్లో పడుండే అల్లుడి కథ అని అప్పటికే విన్నాడు కదా. తర్వాత కూడా వెళ్ళలేదు. ప్రింటు బాపట్లకి పోయింది. అక్కడ హాస్టల్ పిల్లలందరం వెళ్ళాం. నేను మొత్తం చూశాను. చివర్లో వెక్కివెక్కి ఏడ్చాను. నా రూమ్మేటు మాత్రం సాగదీశాడే తల్లీ, గంట కోసేసినా నష్టం లేదంది. ఆ మాట మీద మెస్సులో మొదలై కంచాలు విసురుకునేదాకా పోయింది, వార్డెన్ మా ఇద్దర్నీ బయట నిలబెట్టింది. సినిమా చూసి ఒకళ్ళని ఒకళ్ళు కొట్టుకోవడం తెనాలిలో మొదలు కాలేదన్నమాట.

తర్వాత ప్రింటు రేపల్లె చేరింది. అప్పుడే నాన్న మిగిలిన చెరువు గట్టు సంగతి చూడ్డానికి ఊరెళ్ళాలి. మావయ్య పట్టుబట్టాడు. "రేపల్లెలో ఆడుతోంది బావా. ఫస్ట్ షో చూసి నగరం బస్సెక్కు. నామీద ఒట్టు. చివరిదాకా కూర్చో, మధ్యలో లేవొద్దు." ఆ చీకట్లో తప్ప వాడు నాన్నకి నేరుగా ఓ మాట చెప్పడం ఆ దెబ్బ తర్వాత అదే మొదలు. అమ్మ కూడా చూసి రండి, వాడంత సరదాగా చెప్తుంటే అంది. నాన్న సరేనన్నాడు.

ఆ వారం రెండో శనివారం కలిసొచ్చి నేను ఇంటికొచ్చాను. క్యారియరు పట్టుకుని షాపు మెట్లెక్కుతున్నాను. నాన్న పొద్దుటి పాసింజరుకి వచ్చి తిన్నగా పన్లో కూర్చున్నాడట. కింద కూర్చుని మోటారు విప్పుతున్నాడు. పక్కన స్పానర్లు పరిచి ఉన్నాయి. మావయ్య కొత్తపెళ్ళికొడుకులా సిగ్గుపడుతూ దగ్గరికొచ్చాడు.

"చూశావా బావా?"

"చూశా."

"చివరిదాకా కూర్చున్నావా?"

"ఒట్టేశావుగా. కూర్చున్నా."

"మరి? చివర్లో ఎలా ఉంది?"

నాన్న లేచి నిలబడ్డాడు. చెయ్యి ఎప్పుడు వెనక్కి వెళ్ళిందో నేను చూడలేదు. మావయ్య ఎడమ చెంపమీద పడింది. సినిమాల్లో వచ్చే చప్పుడు కాదది. తడిసిన గోనెసంచిని సిమెంటు మీదేసి కొట్టినట్టుంది. మావయ్య ఒరిగిపోయి బల్ల పట్టుకుని నిలబడ్డాడు. చెంపమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇప్పటికీ నేను ప్రమాణం చేసి చెప్తాను, వాడి మొహంలో కోపం లేదు. ఏదో నవ్వులాంటిది ఉంది.

తర్వాత వాడు వంగాడు. నాన్న కాళ్ళ దగ్గరికి వంగాడు. అక్కడే పెద్ద స్పానరు పడి ఉంది. నాన్న దాన్ని చూశాడు, నేనూ చూశాను. నాన్న మోకాలితో వాడి మొహమ్మీద పొడిచాడు. ముక్కు పగిలి రక్తం బుస్సుమంది. మావయ్య వెల్లకిలా మోటార్ల మీద పడ్డాడు, తల ఓ మోటారు కింది ఇనుప దిమ్మకి తగిలింది.

పనివాళ్ళిద్దరూ నాన్న మీద పడ్డారు. ఒకడు వెనకనుంచి పట్టుకున్నాడు, ఇంకొకడు ఇనుప గొట్టం తీసి భుజమ్మీద కొట్టాడు. ఎముక టక్కుమనడం విన్నాను. నేను వాడి చెయ్యి పట్టుకుని పళ్ళు దిగేదాకా కొరికాను. వాడు నన్ను గోడకేసి తోశాడు. లేచి క్యారియరు విసిరాను. గిన్నెలు విడిపోయి సాంబారు, అన్నం, పెరుగూ అన్నీ అందరి నెత్తులమీదా పడ్డాయి.

రోడ్డు మీద ఆగినవాళ్ళు నవ్వారు. ఆటోవాళ్ళు, అరటిపళ్ళ బండివాడు, కాలేజీ కుర్రాళ్ళు. నెత్తిన అన్నం మెతుకులు, చెవుల మీంచి సాంబారు, బావా బావమరుదులు. సినిమాకీ దానికీ ఏ మాత్రం తేడా లేదు. ఒకడు ఈల కూడా వేశాడు. మావయ్య చెవిలోంచి కారుతున్నది సాంబారు కాదని తెలిసేదాకా నవ్వారు.

ఆస్పత్రిలో చెవి డాక్టరు లైటు పెట్టి చూసి, కర్ణభేరి చిరిగింది, లోపల నరం కూడా దెబ్బతింది, ఈ చెవి మీద ఆశ పెట్టుకోకండి అన్నాడు. ఎలా తగిలిందని అడిగితే అత్త ఏడుస్తూ సినిమా సంగతంతా చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కుంటూ ఆగాడు. "నేనూ చూశానమ్మా ఆ సినిమా. మా ఇంట్లో అందరూ విరగబడి నవ్వారు. నాకు ప్రతి చెంపదెబ్బకీ ఇదే కనిపించింది" అన్నాడు.

ఆ సాయంత్రమే అత్త మా సామాను మేడమీంచి వీధిలోకి విసిరింది. గ్లాసులు, బిందె, దేవుడి పటాలు. అమ్మ అడ్డం వెళ్తే జుట్టు పట్టుకుని మెట్లమీద కూలేసింది. నేను అత్త చెయ్యి మెలితిప్పాను. టీచరమ్మగారు మధ్యలో దూరకపోతే ఆ రోజు ఎవరో ఒకరి ప్రాణానికి ముప్పొచ్చేది. ముక్కుకి కట్టుతో మావయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఒకే ఒక్క మాటన్నాడు, అమ్మతో. "నేను వంగానక్కా. వంగినా తన్నాడు. ఇంక నాకు బావ లేడు." ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు. వంగింది స్పానరు కోసం కదా అనుకున్నాం, పైగా దాన్ని చెప్పుకుంటున్నాడేంటి అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మేం రేపల్లె వచ్చేశాం. నాన్న భుజానికి కట్టు విప్పాక అక్కడే ఇంకో వైండింగ్ షాపులో చేరాడు. ఎవరడిగినా, ఎవరడక్కపోయినా, ఆ సినిమా అంత దరిద్రం ఇంకోటి లేదని చెప్పేవాడు. "మనిషిని పిలిచి తిండి పెట్టి, మూడు గంటలు తన్ని, నవ్వుతారు. దానికి క్లాసిక్కని పేరు. నువ్వు కుక్కవిరా అని చెప్పడానికి టిక్కెట్టు కొని పంపాడు నన్ను." హాల్లో నగరం వైపువాళ్ళు నాన్నని గుర్తుపట్టి, నీ కథే తీశారయ్యా అని వీపు చరిచి నవ్వారట. ఆ నవ్వు మోసుకుని తెనాలి వచ్చాడాయన.

అమ్మ పుట్టింటి మాట ఎత్తలేదు. కార్తీకమాసం వచ్చింది. దీపావళి వెళ్ళిన విదియనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికొచ్చి వాళ్ళ చేతివంట తినాలి, తింటే వాళ్ళకి ఆయుష్షు అంటారు. అమ్మకి పెళ్ళయినప్పట్నుంచీ ఆ రోజు మావయ్య రాని ఏడు లేదు. ఒకసారి వరదలో బస్సుల్లేకపోతే ట్రాక్టరు మీదొచ్చాడు. ఆ ఏడు కూడా అమ్మ తెల్లారే లేచి పులిహోర, గారెలు, వాడికిష్టమని దోసకాయ పప్పూ చేసింది. అరిటాకు వేసి, అన్నీ వడ్డించి, నెయ్యి చుక్క వేసి కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. పప్పు మీద పొర కట్టింది. అమ్మ ఆకు ముందునుంచి లేవలేదు. "వాడు తినకపోతే వాడికేమన్నా అవుతుందేమోనే" అంది నాతో. "ఒక్కడేనే నాకు."

నాకు ఆగలేదు. నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. పేపరు లాగి చింపేశాను.

"ఆ సినిమా చూసైనా నీకు బుద్ధి రాలేదా? ఆఖర్న బావమరిది వచ్చి కాళ్ళమీద పడితే ఆ అల్లుడు లేపి కావలించుకోలేదా? నీకన్నా ఆ సినిమాలో వెర్రివెంగళప్ప నయం."

"ఎవడు పడ్డాడే కాళ్ళమీద?"

"బావమరిది."

"ఏ సినిమా చూశావు నువ్వు? ఆఖర్న బావమరిది వాడి నెత్తిన పేడబుట్ట బోర్లిస్తాడు. అందరూ పళ్ళికిలిస్తారు. శుభం."

"శుభం కాదు. దాని తర్వాత బావమరిది బావిలో పడతాడు, అల్లుడు దూకి పైకి తీస్తాడు. తీసి ఒక్కటి పీకుతాడు చెంపమీద. అప్పుడు..."

"అమ్మ కోసం కథలల్లకు" అని చెయ్యెత్తాడు నాన్న. కొట్టు, నాకూ ఓ చెవి తీసెయ్ అన్నాను. చెయ్యి గాల్లోనే ఆగింది. సరిగ్గా అప్పుడే నాకు తట్టింది. అల్లుడు ఒక్కటి పీకుతాడు. అప్పుడు బావమరిది చెంపమీద చెయ్యి పెట్టుకుని వంగుతాడు.

చెప్పులేసుకుని ఆ సినిమా ఆడిన హాలుకి వెళ్ళాను. మేనేజరు గేటు దగ్గర కుర్చీ వేసుకుని పల్లీలు తింటున్నాడు. ఫలానా సినిమా చివర మీరు మొత్తం వేశారా అని అడిగాను.

"ఎక్కడేస్తామమ్మా. మూడుంపావు గంటల సినిమా. ఫస్ట్ షో వదిలేసరికి పల్లెల బస్సులు వెళ్ళిపోతున్నాయని జనం గోల. చివరి రెండు రీళ్ళూ లేపేశాం. శుభం ముక్క మాత్రం అంటించాం. ఏ హాల్లోనైనా చేసే పనే."

"ఎవరూ అడగలేదా?"

"ముసలాళ్ళిద్దరు అరిచారు. మిగతావాళ్ళకి బస్సు దొరికింది, సంతోషంగా పోయారు. అయినా ఆ చివర్లో ఏముందమ్మా, ఏడుపు. కామెడీ సినిమాలో ఏడుపెందుకు? తీసేస్తేనే బాగుంది."

బాగుందట. మా మావయ్య చెవి, మా నాన్న భుజం, మా అమ్మ ముందు ఆరిపోయిన పప్పు, అన్నీ కలిసి నా చేతిలోకొచ్చాయి. చెప్పు తీసి ఆయన పల్లీల పొట్లం మీద కొట్టాను. రెండోది నెత్తిమీద తగిలింది. గేటువాళ్ళు నన్ను రెక్కలు పట్టి బయటికి ఈడ్చారు. మోచెయ్యి చీరుకుపోయింది. అయినా నాకేం బాధ లేదు, ఇప్పటికీ లేదు.

బస్టాండు పక్క కొట్లో ఆ సినిమా సీడీలు దొరికాయి. పెద్ద సినిమా కదా, మూడు సీడీలు. ఇంటికొచ్చి మూడోది మాత్రం పెట్టి, నాన్న భుజం పట్టుకుని టీవీ ముందు కూర్చోబెట్టాను. అమ్మ ఆకు ముందే ఉంది, అక్కణ్ణుంచే చూసింది. పేడబుట్ట సీను వచ్చింది. నాన్న మొహం తిప్పుకున్నాడు. సినిమా ఆగలేదు. బావమరిది బావిలో పడ్డాడు. అల్లుడు దూకాడు. తడిసి ముద్దై ఇద్దరూ గట్టుమీదికొచ్చారు. అల్లుడు చెయ్యెత్తి ఒక్కటిచ్చాడు. స్టార్లందరూ నవ్వు ఆపేశారు. అప్పుడు మొదటిసారి దెబ్బ తిన్నవాడి మొహం తెరనిండా చూపించారు. బావమరిది చెంప పట్టుకుని సన్నగా నవ్వి, వంగి బావ రెండు పాదాలూ పట్టుకున్నాడు.

నాన్న కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "స్పానరు కోసం కాదే" అన్నాడు. "వాడు నా కాళ్ళకే వంగాడు. నేను మొహమ్మీద తన్నాను." తన మోకాలిని తనే పిడికిలితో గుద్దుకోవడం మొదలెట్టాడు. అమ్మా నేనూ రెండు చేతులూ పట్టుకుని ఆపాం.

అమ్మ లేచి ఆకులో ఉన్నదంతా క్యారియరులో సర్దింది. సాయంత్రం పాసింజరుకి తెనాలి వెళ్ళాం ముగ్గురం.

షాపు తెరిచే ఉంది. మావయ్య ఎత్తు స్టూలు మీద కూర్చుని, వీధి వైపు వీపు పెట్టి, రాగితీగ చుడుతున్నాడు. ఎన్నో నెలలు కాలేదు, పదేళ్ళు పెద్దవాడైనట్టున్నాడు. పనివాడు నాన్నని చూసి గొట్టం అందుకున్నాడు. అమ్మ వాడి ముందుకెళ్ళి నిలబడింది.

నాన్న వెళ్ళి మావయ్య ఎడమపక్కన బల్లమీద కూర్చున్నాడు. తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు. "ఒరేయ్, తప్పయిందిరా. పెద్దవాణ్ణి, నాది తప్పు."

మావయ్య చుడుతూనే ఉన్నాడు. నాన్న ఇంకోసారి అన్నాడు, అంతే నెమ్మదిగా. జవాబు లేదు. వాడు క్షమించడు అనుకుని నాన్న లేవబోయాడు. నాన్నా అటు కాదు అని నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గిల్లింది.

లేచిన నాన్న నీడ బల్లమీద పడ్డట్టుంది. మావయ్య తల తిప్పకుండానే అన్నాడు. "ఆ పక్క నువ్వు మూసేశావు బావా. చెప్పేదేమన్నా ఉంటే ఇటొచ్చి చెప్పు."

నాన్న చుట్టూ తిరిగి కుడిపక్కకొచ్చాడు. ఇందాకటి మాటలు మళ్ళీ రాలేదు. చివరికి వీధంతా వినపడేలా అరిచాడు.

"నేను చూసినదాంట్లో ఆ రీలు లేదురా!"

తీగ చుట్టే చెయ్యి ఆగింది. "ఏ రీలు?"

"నువ్వు వంగావే. ఆ రీలు."

మావయ్య చాలాసేపు నాన్న మొహంలోకి చూశాడు. మొదటి దెబ్బ కొట్టిన రోజు తర్వాత వాడు ఆ మొహంలోకి చూడ్డం అదే మొదలు. చెయ్యి లేచింది. పనివాడు గొట్టం ఎత్తాడు, నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి నాన్న చొక్కా గుండెలదగ్గర గుప్పిట పట్టి, స్టూలుతో సహా మావయ్యని నాన్న మీదికి లాగేసింది.

"మరి చూడని సినిమా గురించి బాగోలేదని ఊరూరా చాటావేంటి బావా?" అని భోరుమన్నాడు.

అమ్మ అక్కడే నేలమీద కాగితం పరిచి పప్పన్నం కలిపింది. ఆ రాత్రి చేతిముద్దలు తింటూ మావయ్య ఆ రీళ్ళ సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పమన్నాడు, వాడికి సగమే వినపడింది. ఆ చెవి మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఇద్దరూ ముసలివాళ్ళు. మావయ్య ఏ పెళ్ళిలో ఏ బంతిలో కూర్చున్నా, నాన్న ముందుగా వెళ్ళి వాడి కుడిపక్క చోటు పట్టుకుంటాడు.